మిత్రదేశం మీదుగా

దేశాల స్నేహాల సంగతి నతానియేలు మాస్టారినే అడగాలి. 1990లో కువైట్‌ని ఇరాక్ ఆక్రమించాక, అక్కడ ఇంటిపనికి వెళ్లిన ఆయన మరదలు విజయకుమారి రెండు నెలలకి రాజోలు చేరింది. ఆ రోజు నుంచి మాస్టారి నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఇరాక్‌తో మన సర్కారు తగువు పెట్టుకోలేదు కాబట్టే మనోళ్లని వదిలేరండీ. ఎదిగే దేశం చమురున్న చోట ఎలా మసలుకోవాలో ఢిల్లీకి తెలుసండీ!" అని పలకరించడానికి వచ్చిన వాళ్లందరికీ పాఠం చెప్పేవారు.

విజయకుమారి తలూపేది. ఆ మాట నిజమే. నిజం కావడమే ఆమెను కాల్చుకు తింటోంది.

ఆమె ఒక్కతే బయలుదేరలేదు. కువైట్‌లో ఆమె యజమాని సైన్యాధికారి. ఇరాక్ సైనికులు అతన్ని పట్టుకుపోయి కుటుంబం కోసం వెతుకుతుంటే, అతని భార్య నాలుగేళ్ల కూతురు నూరాని ఈమె చేతుల్లో పెట్టింది. "మీవాళ్లనైతే పోనిస్తున్నారు. గొడవ సద్దుమణిగాక వచ్చి తీసుకుంటాను" అని ఏడ్చింది. పుట్టినప్పటి నుంచీ విజయకుమారి చంకలో పెరిగిన పిల్ల, తెలుగు గలగలా మాట్లాడేది. ఊళ్లో వదిలివచ్చిన తన కూతురు శారోన్ మీద బెంగంతా విజయకుమారి ఈ పిల్లతోనే తీర్చుకుంది.

ఎన్నడూ బొట్టు పెట్టని క్రైస్తవురాలు, ఇరాక్ మీదుగా జోర్డాన్ వెళ్లే దారిలో తనకీ పిల్లకీ బొట్లు పెట్టింది. కాపలా సైనికుడు అరబ్బీలో ఏదో అడిగితే నూరా తెలుగులోనే జవాబు చెప్పింది. ఇండియావాళ్లేలే అని వాడు నవ్వి పొమ్మన్నాడు.

జోర్డాన్‌లో, ఇండియా విమానం దగ్గర ఆగిపోయింది కథ. పిల్లకి పాస్‌పోర్టు లేదు. విజయకుమారి మన అధికారికి నిజం చెప్పి కాళ్లమీద పడింది.

"లేమ్మా. కువైట్ పిల్లని దాటించామని ఇరాక్‌కి తెలిస్తే, వెనక మిగిలిన మనవాళ్లకి దారి మూసేస్తారు. ఎక్కితే నువ్వొక్కదానివే ఎక్కు" అన్నాడాయన. ఆయన గొంతులోనూ బాధే ఉంది.

ఎక్కింది. ఎవరి బిడ్డో చెబితే ఇరాక్‌కి పట్టిస్తారేమోనన్న భయంతో, దారిలో దొరికిందని చెప్పి, అక్కడి కాందిశీకుల శిబిరంలో సాయం చేసేవాళ్లకి నూరాని అప్పగించి మరీ ఎక్కింది.

ఇదంతా ఒకనాడు మాస్టారి దగ్గర కక్కేసింది. "యుద్ధం ఎన్నాళ్లుంటుందమ్మా? తల్లి వెతుక్కుంటూ వస్తుంది. ఎవరైనా అడిగితే ఆ పిల్ల తన పేరు చెప్పదా?" అన్నారాయన.

"చెబుతుందండి బావగారూ. శారోన్ అని చెబుతుంది, ఊరు రాజోలని చెబుతుంది. తన పేరు నోట రాకుండా దారి పొడుగునా కొట్టి మరీ నేర్పేనండి."