ఎర్రమ్మ దాహం, పైడితల్లి మేడమ్

పొద్దున్నే వార్డులో స్టీలు జగ్గుల్లోకి నీళ్ళు పోస్తున్న చప్పుడు వింటే చాలు, పైడితల్లి మేడమ్ నా పక్కనే నిలబడినట్టుంటుంది. ఇవాళ కూడా అంతే. కొత్తగా చేరిన ఆయా ఒక్కో మంచం దగ్గరా జగ్గు నింపుకుంటూ వెళ్తోంది. మందుల ట్రే పట్టుకుని నేను నడవలో ఆగిపోయాను. ఇన్నేళ్ళయినా ఆ రోజులు తలచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. మీరెవరూ ఆవిడని చూసి ఉండరు. అందుకే చెప్పాలని ఉంది.

శ్రీకాకుళం ఊరి చివర, పక్షవాతం వచ్చినవాళ్ళనీ తుంటి విరిగినవాళ్ళనీ నెలల తరబడి ఉంచుకుని చూసే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆవిడ హెడ్ నర్సు. నేను విజయనగరంలో నర్సింగ్ పూర్తి చేసి, మొదటి ఉద్యోగానికి అక్కడే చేరాను. ఆవిడది ఆమదాలవలస. పొట్టి మనిషి, పెద్ద గొంతు. డాక్టరుతోనైనా ఓనరుతోనైనా సొంత యాసలోనే మాట్లాడేవారు. రోగితో మాత్రం ఎప్పుడూ నిలబడి మాట్లాడేవారు కాదు. స్టూలు లాక్కుని, వాళ్ళ కళ్ళ ఎత్తుకి తన కళ్ళు దించాకే నోరు తెరిచేవారు. నేను చేరిన రోజు నన్ను వార్డంతా తిప్పి అన్నారు: "సూడు గౌరీ, గోల సేసినోల గురించి నాకు బెంగ నేదు. ఆలకి నోరున్నాది. నోరు నేనోల మంచం కాడ నువ్వు ఎక్కువసేపుండు. ఏటైనా అనుమానం వస్తే దాసుకోకు, నాకొచ్చి సెప్పు. తప్పయితే నాది, నిజమైతే నీది." అప్పుడు ఆ మాట బరువు నాకు తెలియలేదు.

ఎర్రమ్మ సముద్రం ఒడ్డున ఉన్న పల్లె నుంచి వచ్చింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఒక్కగానొక్క కూతురు లక్ష్మి బజార్లో చేపలమ్ముతూ, వీలు దొరికినప్పుడు వచ్చి చూసి వెళ్ళేది. ఆ వార్డుకంతటికీ ఆయా రమణమ్మ ఒక్కతే. ఆమె చేతిలో పక్కలు మల్లెపూవుల్లా ఉండేవి. ఓనరు అందరికీ ఆమెనే చూపించి మెచ్చుకునేవాడు. అయితే ఎర్రమ్మ పెదవులు ఎప్పుడూ ఎండి పగిలి ఉండేవి. మింగడానికి ఇబ్బందేమీ లేదని డాక్టరు ముందే తేల్చారు. రమణమ్మని అడిగితే, "మొండి మనిసండీ, నీలు తాగదు" అంది.

ఒక మధ్యాహ్నం రమణమ్మ భోజనానికి వెళ్ళినప్పుడు గ్లాసుతో నీళ్ళు పట్టి చూశాను. ఎర్రమ్మ గటగటా తాగేసింది. ఖాళీ గ్లాసు కిందపెట్టబోతే ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని ఇంకా కావాలన్నట్టు లాగింది. రెండో గ్లాసు సగంలో ఉండగా వరండాలో రమణమ్మ గొంతు వినబడింది. అంతే, ఎర్రమ్మ నోరు మూసేసింది. నీళ్ళు గడ్డం మీదుగా కారిపోయాయి. కళ్ళు గుమ్మం వైపే ఉన్నాయి. నా గుండె దడదడలాడింది. పరుగులాంటి నడకతో వెళ్ళి మేడమ్‌కి చెప్పాను. "నా భ్రమేమో మేడమ్" అని కూడా అన్నాను. ఆవిడ తాగుతున్న టీ పక్కన పెట్టి లేచారు. "బ్రమైతే మంచిదే. పద."

రమణమ్మని ఏదో పని మీద కింది అంతస్తుకి పంపి, మేడమ్ స్టూలు లాక్కున్నారు. ఎర్రమ్మ ఎడమచేతి గాజులు మెల్లగా పైకి జరిపారు. వాటి కింద, గుడ్డతో బిగించి కట్టడం వల్ల పడిన ఎర్రటి ఒరిపిడి గుర్తులు. ఆవిడ ముఖం కాస్తయినా మారలేదు. "అప్పా," అన్నారు, అక్కని పిలిచినట్టు. "నాను కొన్ని అడుగుతాను. అవునైతే నా సెయ్యి నొక్కు. కాదైతే వొదిలెయ్. నీది ఆమదాలవలసా?" చెయ్యి వదిలేసింది. "నీ కూతురు లచ్చిమేనా?" నొక్కింది. "ఇప్పుడు ఎండలు మండిపోతన్నాయా?" బయట కుండపోతగా వాన. ఈవిడకేమైనా పిచ్చి పట్టిందా అన్నట్టు ఎర్రమ్మ ఒక చూపు చూసి చెయ్యి వదిలింది! అంత భయంలోనూ నాకు నవ్వు ఆగలేదు. అప్పుడు మేడమ్ గొంతు తగ్గించారు. "నీ సెయ్యి ఎవులైనా కట్టేరా?" మేడమ్ వేళ్ళు తెల్లబడేలా నొక్కింది. "ఎవులు? నానా? గౌరా? రమణమ్మా?" ఒక్కో పేరుకీ ఆగి చూశారు. మూడో పేరుకి నొక్కింది. "నీలు అడిగితే ఇవ్వనేదా?" మళ్ళీ నొక్కింది. కన్నీళ్ళు చెవుల్లోకి జారాయి. "ఈ సంగతి లచ్చిమికీ డాక్టరుకీ సెప్పమంటావా? నీకిష్టమైతేనే." ఎర్రమ్మ కళ్ళు ఒకసారి గుమ్మం వైపు వెళ్ళి వచ్చాయి. చివరికి నొక్కింది, ఇక వదల్లేదు.

కబురందగానే లక్ష్మి బజారు నుంచి అలాగే ఆటో ఎక్కి వచ్చేసింది. డాక్టరు ఆ గుర్తులు చూసి ముఖం గంటు పెట్టుకున్నారు. అందరం ఓనరు గదిలో చేరాం. "స్ట్రోక్ వచ్చిన మనిషి, బుర్ర పనిచెయ్యదు. ఆవిడ చెయ్యి నొక్కితే సాక్ష్యమా? అసలీ మాట ముందు ఎవరన్నారు?" అన్నాడాయన. నేను మేడమ్ వైపు చూశాను. "నాను" అన్నారు మేడమ్, రెప్ప వెయ్యకుండా. "బుర్ర పని సేస్తన్నాదో నేదో మీరే అడిగి సూడండి." చక్రాల కుర్చీలో ఎర్రమ్మని తీసుకొచ్చాం. మేడమ్ పక్కనే కూర్చుని ఆమె ఎడమచేతికి తన చెయ్యి అందించారు. ఓనరు విసుగ్గా, "నీకిద్దరు కొడుకులా?" అన్నాడు. చెయ్యి వదిలింది. "కొడుకులు నేరు బాబూ, నానొక్కర్తినే" అంది లక్ష్మి. "మరి నీ అల్లుడు మంచోడేనా అప్పా?" అన్నారు మేడమ్. ఎర్రమ్మ కాస్త ఆలోచించి, నొక్కీ నొక్కనట్టు నొక్కి, అరచేతిని అటూ ఇటూ తిప్పింది. లక్ష్మి ఏడుస్తూనే పకపకా నవ్వింది. "నిజిమే సెప్పినాది మాయమ్మ!" డాక్టరు కూడా నవ్వి, వెంటనే గంభీరంగా ఓనరు వైపు తిరిగారు. "ఇంకేం రుజువు కావాలండీ?"

రమణమ్మని పిలిపించారు. "పక్క తడిస్తే పన్లోంచి తీసేస్తానన్నారు ఓనరుగారు. ఇంతమందికి నానొక్కదాన్నే. నీలు తగ్గిస్తే పక్క తడవదని... నీల కోసం సెయ్యి సాపకుండా కట్టేసినాను..." అంటూ భోరుమంది. మేడమ్ ఆమెని కసరలేదు. "నీ కష్టం నాకు తెల్దా? అయినా కట్టినవి నీ సేతులే. ఇంక ఈ వార్డులో అడుగెట్టకు." తర్వాత ఓనరుతో అన్నారు: "ఒక్కదాని నెత్తిన ఇంతమందిని పడేసింది మీరు. లచ్చిమి పోలీసుల కాడికి వెల్తానంటే నానూ తోడెల్తాను. ఇద్దరి సంగతీ సెప్తాను." ఆయన "బయటికి పొక్కితే" అని ఏదో అనబోయాడు. "పొక్కాల" అన్నారు మేడమ్. నాకు ఆ గదిలోనే చప్పట్లు కొట్టాలనిపించింది.

లక్ష్మీ మేడమూ వానలో ఒకే గొడుగు కింద పోలీస్ స్టేషన్‌కి వెళ్ళారు. విచారణ సాగింది, రమణమ్మ ఉద్యోగం పోయింది, ఓనరు సంజాయిషీ చెప్పుకోక తప్పలేదు. కొత్త ఆయాలు వచ్చారు. మంచం మంచానికీ నీళ్ళ జగ్గు వచ్చింది. ఇంటివాళ్ళు ఎప్పుడైనా రావచ్చన్నారు. కొన్నాళ్ళు ఆసుపత్రిలో కొందరు మేడమ్‌తో మాట్లాడ్డం మానేశారు. అంతా తేలాక మేడమ్ నర్సులందరినీ కూర్చోబెట్టి, "ముందు సూసింది గౌరి" అన్నారు. ప్రమాదం ఉన్నన్నాళ్ళూ తన వెనక దాచి, అది తీరాక నన్ను ముందుకి నెట్టారు. అలాంటి పెద్దలు ఎంతమందికి దొరుకుతారు!

ఆ తర్వాత ఒక సాయంత్రం ఎర్రమ్మ కొబ్బరినీళ్ళ కోసం చూస్తోంది. నేను పక్క మంచం దగ్గర మేడమ్‌తో కబుర్లలో పడ్డాను. ఉన్నట్టుండి వార్డు దద్దరిల్లేలా, "ఒసే!" అని వినబడింది. ఎర్రమ్మ! నెలల తర్వాత మొదటి మాట! నేను కేక పెట్టాను. మేడమ్ స్టూలు తన్నేసి లేచారు. "ఓలమ్మీ! మా ఇద్దర్లో ఎవుల్ని తిట్టినావప్పా?" అని ఎర్రమ్మనే అడిగి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఎర్రమ్మ ఇద్దరినీ చూపించి మరోసారి అంది, ఈసారి ఇంకా గట్టిగా.

పైడితల్లి మేడమ్ ఇప్పుడు లేరు. ఆవిడ చేసిన ఉద్యోగంలో, వేరే ఆసుపత్రిలో, నేనున్నాను. ఎంత బుద్ధిమంతుడో, ఒక్కమాటా అనడు అని ఎవరైనా ఓ రోగిని మెచ్చుకుంటే, నా కాళ్ళు ఆ మంచం వైపే తిరుగుతాయి. కూర్చుంటాను. తొందరపెట్టను. అవతలి వేళ్ళు మెల్లగా నా చేతిలో కదిలినప్పుడు నా గుండె ఇప్పటికీ ఆ మొదటి ఉద్యోగంలో కొట్టుకున్నంత వేగంగా కొట్టుకుంటుంది. ఓ మనిషి ఏదో చెప్పబోతున్నారు.