ఎంజైము పాఠానికి పట్టుకెళ్లిన గ్లౌజు

ఈ రోజు కాలేజీలో, గ్లూకోజును ఫ్రక్టోజుగా మార్చే బ్యాక్టీరియా ఎంజైము గురించి చెప్పాను. దాని లోపలి గుంటలో లోహపు అయాన్లు చక్కెరను కదలకుండా పట్టుకుంటేనే హైడ్రోజన్ పక్క కార్బన్‌కు జరుగుతుంది. ఆకారం కుదరని చక్కెర అక్కడ ఇమడదు. అది చూపించడానికి, నిరుడు పోయిన మా ఆయన ప్లాంటులో వాడిన కుడిచేతి తోలు గ్లౌజు పట్టుకెళ్లాను. క్లాసంతా నవ్వుతూ ఎడమచేతులు దూర్చి చూశారు.

సాయంత్రం కద్మా పేటలోని ఇంటికి రాగానే అత్తయ్య దాన్ని అందుకుని, రోజూలాగే లోపల చెయ్యి పెట్టారు.

"ఏటమ్మా, ఆడి సేతేళ్ల వొంపు ఏదీ? ఇలా సాపుగైపోనాదేటి?"

ఎన్ని చక్కెరలు వచ్చి పోయినా ఎంజైము తన ఆకారానికి తిరిగొస్తుందని పొద్దున చెప్పింది నేనే. తోలు రాదని మాత్రం తట్టలేదు. ఆవిడ ఇంకా లోపల తడుముతూనే ఉన్నారు.