పదేళ్లు మింగిన కంప్యూటర్

మా కాలనీకి అప్పటికింకా పేరు లేదు, రోడ్డు లేదు, నల్లా లేదు. ప్లాట్ల జాబితా మాత్రం కంప్యూటర్‌లో తయారైంది! ఎనభైల మధ్యలో ఎల్బీనగర్ వైపు ఇంకే కాలనీ అయినా ఆ మాట చెప్పుకోగలదేమో చెప్పమనండి. ఆ జాబితా చేసిందాన్ని నేనే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీద కంప్యూటర్ నేర్పేవాళ్లు. చెప్పులు బయట విప్పి, దేవుడి గదిలోకి వెళ్లినట్టు ఆ చల్లటి గదిలోకి వెళ్లేవాళ్లం. నేర్చుకుంటున్నది నేనైనా గొప్పలు మా నాన్న చెప్పుకునేవాడు.

నాన్న మా గృహనిర్మాణ సంఘానికి కార్యదర్శి. సభ్యుల్లో సగం మంది మాలాగే కోస్తా నుంచి వచ్చినవాళ్లు, సగం కాలనీ కోసం పొలాలు అమ్మిన ఊరివాళ్లే. ఎవరికి ఏ ప్లాటు అన్నది తేలక రోజూ గొడవ. చివరికి వయసులో పెద్దవాళ్లు ముందు ఎంచుకోవాలని తీర్మానించారు. పుట్టిన తేదీలు రాయించుకుని ఆ కాగితాలన్నీ నాకిచ్చారు. నేను కొట్టాను, యంత్రం వరస పెట్టింది, ప్రింటరు గీరుమంటూ కాగితం కక్కింది. ఇంటికొచ్చేదాకా నా కాళ్లు నేల మీద ఆనలేదు.

మర్నాడు పొద్దున్నే మా అరుగు మీదికి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. ఆ ఊరివాళ్లే. మూల ప్లాటులో ఒక బావి ఉంది. వయసులో ఉన్నప్పుడు పెద్దాయన సొంతంగా తవ్వుకున్న బావి అది. ఆయనకు ఆ ప్లాటు తప్ప ఇంకోటి వద్దు. రైల్వేలో పనిచేసి వచ్చిన తమ్ముడి కన్నూ దాని మీదే. పెద్ద రోడ్డు మొహాన ఉంది కదా, బావి పూడ్చేసి మల్గీలు, అంటే దుకాణాలు, కడతానని ఊరంతా చెప్పుకున్నాడు. జాబితాలో తమ్ముడి పేరు అన్న పేరు కంటే పైనుంది.

పెద్దాయన కూర్చోమన్నా కూర్చోలేదు. "ఏంది సార్ గిది? నా తమ్ముడు నాకంటె పెద్దోడు ఎట్లయితడు? వాణ్ణి సంకనెత్తుకొని తిరిగిన నేను."

కంప్యూటర్ తప్పు చెయ్యదండీ అన్నాడు నాన్న. ఆ మాటకు నేనూ గట్టిగా తలూపాను. నా యంత్రాన్ని ఎవరైనా ఏమైనా అంటే నాకు ఒళ్లు మండేది. అయినా ఆ ముసలాయన మొహం చూశాక ఉండబట్టలేక, తాతా, నువ్వు ఏ సంవత్సరంలో పుట్టావు అని అడిగాను.

"పదమూడు వందల ఇరవై అయిదుల, బిడ్డా."

నాన్న నవ్వేశాడు. అయితే కాకతీయుల కాలం నుంచీ ఉన్నారన్నమాట అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. తమ్ముడు మాత్రం నవ్వలేదు.

"అది నిజాం జమాన లెక్క సార్, ఫసలీ," అన్నాడు. "దానికి అయిదొందల తొంభై కలుపాలె. నాది రైల్వేల ఇంగ్లీషు లెక్కల రాసిన్రు."

నేను ఎగిరి గంతేశాను. నిజంగానే! మా కాగితంలో సంవత్సరానికి రెండే గళ్లు, యంత్రంలోనూ అంతే. పదమూడు పోయింది, ఇరవై అయిదు మిగిలింది, దాని ముందు పంతొమ్మిది యంత్రమే తగిలించుకుంది. తాత పుట్టింది పంతొమ్మిది వందల పదిహేనులో. అంటే కంప్యూటర్ పప్పులో కాలేసి ఆయన వయసులో పదేళ్లు మింగేసింది! ఆయనొక్కడిదేనా? ఫసలీ లెక్క చెప్పిన ఊరిపెద్దలందరివీ మింగింది. తమ్ముడు నోరు మెదపకపోతే ఆ సంగతి మాకు ఈ జన్మలో తెలిసేది కాదు.

ఎందుకు చెప్పారండీ, ప్లాటు మీకే వచ్చేదిగా అని నాన్న అడగనే అడిగాడు.

"సంకనెత్తుకున్నది నిజమే గద సార్," అన్నాడు తమ్ముడు.

అన్నం కూడా తినకుండా దిల్‌సుఖ్‌నగర్ పరుగెత్తాను. నాన్న సభ్యులను ఒక్కొక్కరినీ మళ్లీ అడిగి వివరాలు పంపిస్తుంటే ఫసలీ సంవత్సరాలన్నీ మార్చి కొట్టాను. జాబితా తలకిందులైంది. కిందికి దిగిన మా కోస్తా వాళ్లు కొందరు గొణిగారు, గొణగనీ అనుకున్నాను. అందరికంటే పైన తాత పేరు పడింది.

ప్లాట్లు ఎంచుకునే రోజు మొదట ఆయన్నే పిలిచారు. నేరుగా వెళ్లి బావి గట్టు మీద కూర్చున్నాడు. తమ్ముడు తన వంతు వచ్చాక, మంచి మంచి ప్లాట్లు ఇంకా ఉండగానే, దాని పక్కది తీసుకున్నాడు. నేను సంబరం పట్టలేక తాత దగ్గరికి పరుగెత్తి, చూశావా, నీ వయసు నీకు తెచ్చిచ్చాను అన్నాను.

"మిషను నన్ను పదేండ్లు పడుసోణ్ణి జేసింది, నువ్వు మల్ల ముసలోణ్ణి జేస్తివి," అన్నాడు నవ్వుతూ. తర్వాత తమ్ముడి వైపు చూశాడు. "పోనియ్ బిడ్డా. నేను పెద్దోణ్ణని వాడే చెప్పిండు."