మిగిలిన సగం పాదం

కోయంబత్తూరులో నేను స్టోరేజ్ డ్రైవర్లు, అంటే కంప్యూటర్ డిస్కు నుంచి డేటా తెచ్చే ప్రోగ్రాములు రాస్తాను. మా టీం లీడర్ నాకు మామ వరస. శనివారాలు కారమడై రంగనాథుడి గుడిలో ఆళ్వార్ల పాసురాలు చదివే గోష్ఠిలో నాకెదురుగా కూర్చుంటాడు. కస్టమర్ల ఫైళ్ళు చివర్లో చెడిపోతున్నాయని ఫిర్యాదులు రాగానే, ఆయన ఆ తప్పును అందరి ముందూ నా మీద వేశాడు.

"పాసురం చదివేవానికి కోడు ఏంటికిరా? వేరే పని చూసుకో, శరియా?"

ఉద్యోగం పోయేలా ఉంది. మూడు రోజులు డిస్కు పని నమోదయ్యే లాగ్‌లు చదివాను. మేము అడిగినంత డేటాను డిస్కు ఒక్కోసారి పూర్తిగా ఇవ్వడం లేదు. ఎంత మిగిలిందో మాత్రం నిజాయితీగా చెబుతోంది. మామ రాసిన భాగం ఆ లెక్క చూడకుండానే, అంతా వచ్చేసిందని డేటా అడిగిన ప్రోగ్రాముకు చెబుతోంది. కంపెనీ పెద్దల మీటింగులో దాన్ని తెర మీద పెట్టాను.

"మామా, కొంచెమే ఇచ్చినానని డిస్కు చెప్పింది. అంతా వచ్చెనని మీరే రాసిండారు."

నా ఉద్యోగం నిలిచింది గానీ ఆయన మీద నా పగ చల్లారలేదు.

ఆ శనివారం గోష్ఠిలో ఆయన పాసురంలో ఒక పాదం ఎత్తుకుని సగంలో మరిచిపోయాడు. ఎవరైనా ఆగితే ఎదుటివాడు అక్కడినుంచి అందుకోవడం మా గోష్ఠి ఆచారం. అప్పుడు లోటు ఎవరికీ వినబడదు. నేను నోరు విప్పలేదు. గుడంతా ఆ నిశ్శబ్దం విన్నది.

"అందుకోరా," అన్నాడు మెల్లగా.

"ఎంత మిగిలెనో మీరే చూసుకోండి మామా."

ఇంటికొచ్చి ఆ మిగిలిన సగాన్ని రంగనాథుడి పటం ముందు చదివాను. స్వామికి లోటు జరగకూడదు. మామకు జరగవచ్చు.