అట్ట మీద సువార్త

మా మావయ్యకు పరాయి మనుషులంటే భయం. మామూలు భయం కాదు. కళ్ళజోళ్ళ కొట్టు పెట్టి ముప్పై ఏళ్ళు దాటినా, తలుపు తోసుకుని ఎవరైనా లోపలికొస్తే ముందు ఆయనే ఉలిక్కిపడతాడు. అలాంటి మనిషికి దేవుడు అప్పగించిన పని ఏమిటయ్యా అంటే, ముక్కూ మొహం తెలియనివాళ్ళకు యేసు గురించి చెప్పడం. అప్పగించింది దేవుడో, మా పాస్టరుగారో నేను చెప్పలేను. మావయ్య మాత్రం ఇద్దరికీ సమానంగా భయపడేవాడు.

ప్రతి శనివారం మా చర్చివాళ్ళు కరపత్రాలు పట్టుకుని రైల్వే స్టేషనుకు వెళ్ళేవారు. ఒకసారి మావయ్యనూ లాక్కెళ్ళారు. బెంచీ మీద కూర్చున్న ఓ పెద్దమనిషి ఎదురుగా నిలబడి, గొంతు సవరించుకుని, చెమట తుడుచుకుని, చివరికి నోరు తెరిచాడు.

"అయ్యా, మీకు దగ్గరివి కనిపించవా, దూరానివా?"

ఆ పెద్దమనిషి సోమవారం మావయ్య కొట్టుకు వచ్చి రెండు జతల కళ్ళజోళ్ళు చేయించుకున్నాడు. యేసు గురించి ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చిన మావయ్యకు అన్నం సహించలేదు. "ఒక్కరికైనా చెప్పకుండానే పోతానేమో అమ్మాయ్. పైకెళ్ళాక అడుగుతారు. ఏం చెప్పను?" అన్నాడు నాతో.

"సిగ్గేసిందని చెప్పండి, అక్కడైనా నోరు పెగిలితే" అంది అత్తయ్య.

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నిజంగా జాలేసింది.

ఆ బాధలోంచి పుట్టింది అట్ట. కళ్ళ పరీక్షకు గోడకు తగిలించే అక్షరాల అట్ట పీకేసి, సొంతంగా ఒకటి రాయించాడు. పై వరుసలో గుమ్మడికాయలంత అక్షరాలతో 'దేవుడు'. దాని కింద కాస్త చిన్నగా 'నిన్ను మరిచిపోలేదు'. ఇంకా చిన్నగా 'ఆయన పేరు యేసు'. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాలతో 'వివరాలకు యజమానిని అడగండి'. ఇక తను నోరు విప్పనక్కర్లేదు. వచ్చినవాళ్ళే ఆయనకు సువార్త చదివి వినిపించి, కళ్ళజోడు పెట్టుకుని పోతారు.

తమాషా ఏమిటంటే, ఆ చివరి వరుస దాకా ఎవరినీ రానిచ్చేవాడు కాదు. అట్టకు వీపు పెట్టి, వచ్చినవాళ్ళ చెప్పుల కేసి చూస్తూ నిలబడేవాడు. మూడో వరుస అవగానే "చాలు చాలు, చివరిది చదవక్కర్లేదు" అనేవాడు. చదివితే అడుగుతారు, అడిగితే చెప్పాలి కదా మరి.

అసలు చిక్కు మా చర్చివాళ్ళతో వచ్చింది. వాళ్ళందరికీ ఆ అట్ట కంఠతా వచ్చేసింది. పాస్టరుగారు పరీక్షకొచ్చి, భక్తితో కళ్ళు మూసుకుని మరీ అప్పజెప్పారు. చూపు అమోఘమని మావయ్య పంపించేశాడు. వెళుతూ వెళుతూ ఆయన గుమ్మం దగ్గర చలువ అద్దాలు పెట్టుకుని నిలబడ్డ అట్టబొమ్మకు వందనాలు చెప్పి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగారు.

ఒక పొద్దున బస్సు డిపో నుంచి డ్రైవరొకాయన వచ్చాడు. డ్రైవర్లు ఏడాదికోసారి చూపు బాగుందని మావయ్య చేత కాగితం రాయించుకోవాలి. ఈయన కుర్చీలో కూర్చుని, ఎడమ కన్ను మూసుకుని గడగడా అందుకున్నాడు. మూడో వరుస దగ్గర మావయ్య ఆపేలోపే చివరి వరుస కూడా చదివేసి, "యజమాని మీరేనాండీ? ఆ వివరాలేవో చెప్పండి" అన్నాడు.

ఇన్నేళ్ళూ మావయ్య ఎదురుచూసిందీ, వణికిందీ ఆ మాట కోసమే. పాలిపోయిన మొహంతో సాయం కోసం, కొట్టులో చేదోడుగా ఉండే నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూస్తున్నాను. పొద్దున అత్తయ్య దుమ్ము దులిపి, అట్టను పొరపాటున తిరగేసి తగిలించింది. డ్రైవరు ధాటిగా చదివింది ఉత్త తెల్ల అట్ట.

మావయ్య కూడా తిరిగి చూశాడు. "ఎవరు నేర్పారు నాయనా?" అన్నాడు.

డ్రైవరు తల దించుకున్నాడు. "డిపోలో అందరికీ వచ్చండి. నాలుగు నెలలుగా కళ్ళు మసకేస్తున్నాయి. కాగితం లేకపోతే బండి ఇవ్వరు. ముగ్గురు పిల్లలండీ."

"కాగితం ఇవ్వను." మావయ్య కొత్త మనిషి మొహంలోకి సూటిగా చూసి మాట్లాడటం నేను మొదటిసారి అప్పుడే చూశాను. "నీ బండిలో యాభై మంది ఎక్కుతారు. పద, ఆస్పత్రికి పోదాం. శుక్లమైతే తీసేస్తారు, చూపొస్తుంది. అప్పుడు నేనే రాసిస్తాను."

కొట్టు మూసి ముగ్గురం వెళ్ళాం. శుక్లమే. ఆ రోజే తీసేస్తామన్నారు. కంటి ఆస్పత్రి నర్సు మావయ్యను చూసి, "మళ్ళీ తీసుకొచ్చారా పెద్దాయనా?" అని నవ్వింది. నాతో అంది: "నెలకు ఇద్దరినైనా తీసుకొస్తాడమ్మా. ఆపరేషనయ్యేదాకా పక్కనే కూర్చుంటాడు. ఒక్క ముక్క మాట్లాడడు. మూగాయనేమో అనుకున్నాం." అద్దాల సరుకు కోసం వెళుతున్నానని ఇంట్లో చెప్పేవాడు, దొంగ మావయ్య.

కంట్లో చుక్కలు వేసి డ్రైవర్ని మంచం మీద పడుకోబెట్టారు. ఆయన తడుముకుంటూ మావయ్య చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"భయంగా ఉందండీ. ఏదో ఒకటి మాట్లాడండి. పోనీ, ఆ వివరాలే చెప్పండి."

మావయ్య మంచం అంచున కూర్చున్నాడు. "నాకూ భయమే నాయనా. మనుషులంటే భయం, కుక్కలంటే భయం. రోజూ యేసు చెయ్యి పట్టుకునే గడప దాటతాను" అని మొదలుపెట్టాడు. మొదలుపెట్టినవాడు ఆగితేగా. పశువుల పాక నుంచి సిలువ దాకా, మధ్యలో అత్తయ్య సంగతులు కూడా కలిపి చెప్పేశాడు. డాక్టరు రెండుసార్లు వచ్చి వెనక్కి వెళ్ళాడు. పక్క మంచం మీది ముసలమ్మ "కాస్త గట్టిగా చెప్పు బాబూ" అంది.

కట్టు విప్పాక డ్రైవరు కొట్టుకు వచ్చాడు, మావయ్య భోజనానికెళ్ళిన వేళ చూసుకుని.

"చెప్పిందాంట్లో సగం నాకర్థం కాలేదమ్మా. కానీ నా చెయ్యి కంటే ఆయన చెయ్యే ఎక్కువ వణికింది. అంత భయపడుతూ నాకోసం చెప్పాడంటే అందులో ఏదో ఉండే ఉంటుంది. ఈ ఆదివారం మీ చర్చికొస్తాను. మీరే చెప్పండి ఆయనకి."

"కాసేపు కూర్చోండి, వచ్చేస్తాడు. మీరే చెబుదురుగాని."

"వద్దమ్మా. నా నోటి నుంచి వింటే సంతోషం పట్టలేక పడిపోతాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళాలంటే, డాక్టరు నన్నింకో వారం దాకా బండి ముట్టుకోవద్దన్నాడు."