శకునానికి వోల్ట్‌మీటర్ పెట్టిన శనివారం

మీ ఇంట్లో ఎవరైనా పనిమీద బయలుదేరుతుంటే, ఎవరు ఎదురు రాకూడదని మీరు కోరుకుంటారు? పైకి చెప్పనక్కర్లేదు. ఒక ముఖం కళ్ళముందు మెదిలితే చాలు, ఇది మీ కోసమే రాస్తున్నాను.

2008 వేసవిలో నేను మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, వాహనాలకు వైరింగ్ తయారుచేసే ఒక కంపెనీ ల్యాబులో లీడ్ ఇంజనీరుని. ఒకసారి కనబడి, ఇంకోసారి కనబడకుండా పోయే విద్యుత్ లోపాలను పట్టుకోవడం మా గ్రూపు పని. ఎప్పుడూ ఉండే లోపంతో పేచీ లేదు, వెతికితే దొరుకుతుంది. వచ్చిపోయే లోపం మాత్రం మెకానిక్‌ను చూడగానే బుద్ధిమంతురాలైపోతుంది. అందుకే మా ల్యాబులో ఒక కట్టుబాటు ఉండేది. లోపం పిలిస్తే రావాలి, పొమ్మంటే పోవాలి. రెండూ చేసి చూపించనిదే కారణం దొరికిందని ఎవరూ రిపోర్టు మీద సంతకం పెట్టకూడదు.

ఈ కట్టుబాటు విషయంలో రవి నాకంటే మొండి. నా కింద పనిచేసే ఇంజనీరు, గుంటూరువాడు. ఇతరుల రిపోర్టులు ఎన్నిసార్లు తిప్పి పంపాడో లెక్కలేదు. ఆ ఏడు అతను తన వయసంత వయసున్న మోటార్‌సైకిల్ ఒకటి కొని, ఎండ కాసిన రోజుల్లో దానిమీదే ఆఫీసుకు రావడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు.

ఒకరోజు పిలిచి అడిగాను.

"బండి స్టార్ట్ అవ్వట్లేదు మేడమ్. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. బ్యాటరీ మార్చాను. స్టార్టర్ రిలే మార్చాను. ప్లగ్గులు కూడా మార్చాను."

"స్టార్టర్ మోటారే తిరగని బండికి ప్లగ్గులెందుకయ్యా? కొలిచి మార్చావా, మొక్కుకుని మార్చావా?"

అతను కాఫీ కప్పులోకి చూశాడు. "ఇంకో సంగతి ఉంది మేడమ్. మీరు తిడతారు."

"ముందు చెప్పు, తర్వాత తిడతాను."

"మా అత్తయ్యగారు ఎదురొచ్చిన రోజే ఆగుతోంది."

రవి అత్తగారు అన్నపూర్ణమ్మగారు కూతురు లలిత దగ్గర ఆరునెలలు ఉందామని వచ్చారు. ఆమె భర్త పోయారు. నా భర్తా అప్పటికి చాలా ఏళ్ళ కిందటే పోయారు.

"రవీ, రోజూ పొద్దున్నే ఆఫీసులో నీకు మొదట ఎదురొచ్చేది నేను. నీ ప్రమోషన్ కాగితం నీ చేతికిచ్చిందీ నేనే. ఆరోజు వెనక్కి వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చావా?"

"మీరు వేరు మేడమ్."

"ఏం, నాకు ఇంజనీరింగ్ డిగ్రీ ఉందనా?"

తను నమ్మడం లేదని రవి అన్నాడు. అలవాటుగా ఒకరోజు హాస్యమాడాడట: "ఈవేళ అత్తయ్యగారు రాలేదు, బండి వెంటనే లేచింది." లలితకు నవ్వు రాలేదు. అన్నపూర్ణమ్మగారు నవ్వారు గానీ, మర్నాటినుంచి అల్లుడు గరాజ్ తలుపు తీసే వేళకు ఇంటి కింది బేస్‌మెంట్‌లోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. రెండుసార్లు మరిచిపోయి బయటికొచ్చారు. రెండుసార్లూ బండి ఆగింది. ఇప్పుడు తిరుగు టికెట్ ముందుకు జరిపించమని కూతురిని పోరుతున్నారు. లలిత మొగుడితో మాట్లాడటం మానేసింది.

విద్యార్థి రోజుల్లో శకునాల మీద వేదికలెక్కి వాదించినదాన్ని. చప్పట్లు బాగానే పడేవి. శకునాలు ఉన్నచోటే ఉండేవి. అందుకని ఈసారి ఉపన్యాసం ఇంట్లో వదిలి, శనివారం పొద్దున్న వోల్ట్‌మీటర్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

స్టార్ట్ కాని బండికి మొదట చూడవలసింది బ్యాటరీ. ఊరికే ఉన్నప్పుడు పన్నెండు వోల్టుల పైన ఉండాలి. స్టార్టర్ తిరిగేటప్పుడు తగ్గినా పదికి దిగువకు పోకూడదు. రెండూ సరిగ్గా ఉన్నాయి. బండి ఠక్కున స్టార్టయింది కూడా. అన్నపూర్ణమ్మగారు బేస్‌మెంట్‌లో ఉన్నారు.

ఆమెను పిలవమన్నాను. మెట్ల మీదనుంచే జవాబిచ్చారు: "నేనెందుకమ్మా అక్కడ. నేను లోపలుంటేనే మీ పనవుతుంది."

"మీరు లేకపోతే లోపం రాదంటున్నారు. అది రాకపోతే నేను దేన్ని కొలవను? రండి, మీతోనే పని."

తటపటాయిస్తూ వచ్చారు. రోజూ ఎక్కడ కూర్చునేవారో అక్కడే కూర్చోమన్నాను. పొద్దుటి ఎండకోసం గరాజ్ ముందు బండ్లు దిగే డ్రైవ్‌వే మీద మడతకుర్చీ వేసుకుని కూర్చునేవారట. రవిని మామూలుగా ఆఫీసుకు బయలుదేరమన్నాను. అతను బండి ఎక్కి, హ్యాండిల్ ఎడమకు తిప్పి, బటన్ నొక్కాడు. చప్పుడు లేదు.

"చూశారుగా," అని అన్నపూర్ణమ్మగారు లేచారు. లలిత తల్లి చెయ్యి పట్టుకుంది.

నేను రవి చేతుల వైపు చూస్తున్నాను. "హ్యాండిల్ ఎందుకు తిప్పావు?"

"ఎదురుగా అత్తయ్యగారి కుర్చీ ఉందిగా మేడమ్. పక్కనుంచి..." అని ఆగిపోయాడు. ఎంతైనా మా ల్యాబువాడు.

అప్పుడు పరీక్ష మొదలుపెట్టాం. అన్నపూర్ణమ్మగారిని ఎదురుగానే ఉంచి హ్యాండిల్ తిన్నగా పెట్టించాను. బండి లేచింది. ఆమెను లోపలికి పంపి, హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పించాను. చప్పుడు లేదు.

లోపలినుంచి గొంతు వినిపించింది: "ఆగిందా?"

"ఆగింది అత్తయ్యగారూ."

ఆమె గుమ్మంలోకి వచ్చారు. "నేను లేకుండానే? ఏదీ, మళ్ళీ చెయ్యండి."

మళ్ళీ చేశాం. ఆమెకు చాల్లేదు. తనే వచ్చి, హ్యాండిల్ తిన్నగా ఉందో లేదో చూసి, బొటనవేలితో బటన్ నొక్కారు. ఇంజను గుర్రుమంది. బండివైపు కాసేపు చూసి, "దీనికి నేనెవరో తెలియనే తెలియదన్నమాట," అన్నారు. తర్వాత అల్లుడివైపు తిరిగారు. "నాలుగు ముక్కలు ఇంగ్లీషులో చదువుకున్నారు. ఈ హ్యాండిలు సంగతి ముందే చూసుకోకూడదటయ్యా?"

మిగిలింది మామూలు పని. బటన్ నుంచి రిలేకు, అంటే స్టార్టర్ మోటారుకు కరెంటు వదిలే స్విచ్‌కు, వెళ్ళే సన్న తీగ దగ్గర మీటర్ పెట్టి బటన్ నొక్కి చూశాం. హ్యాండిల్ తిన్నగా ఉంటే పన్నెండు వోల్టులు, ఎడమకు తిప్పితే సున్నా. వెనకటి యజమాని ఎవరో షోకుకు ఎత్తైన హ్యాండిల్ బిగించి, తీగలు మాత్రం పాతవే ఉంచాడు. స్టార్టర్ బటన్ కుడిచేతి వైపు ఉంటుంది. హ్యాండిల్ ఎడమకు తిరిగినప్పుడల్లా ఆ తీగలు బిగిసి, ఒకదాని లోపలి రాగి తెగింది. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరలేదు. చూపుకు నిక్షేపంలా ఉంది. తెగినచోట కోసి, పొడుగు చాలేలా కొత్త ముక్క అతికి, సోల్డర్ చేసి, స్లీవ్ వేసి వేడిచేసి బిగించాం. చివర హ్యాండిల్ ఎడమకు తిప్పి, అన్నపూర్ణమ్మగారిని ఎదురుగా నిలబెట్టి నొక్కాం. బండి లేచింది.

టికెట్ జరపలేదు. ఆమె ఆరునెలలూ ఉన్నారు, పొద్దుటి కాఫీ డ్రైవ్‌వే మీదే తాగారు. అయితే రాహుకాలంలో బయలుదేరవద్దని లలితకు చెప్పడం మానలేదు. ఇంకా ఇదేమిటని నేనడిగితే, "ఎదురు రావడం సంగతి తేల్చారు, ఒప్పుకున్నాను. రాహుకాలం సంగతి మీరింకా కొలవలేదుగా," అన్నారు. నిజమే. ఒక పరీక్ష ఒక సంగతినే తేలుస్తుంది.

ఆ శనివారం నేను నేర్చుకున్నది ఇది. ఆ ఇంట్లో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆమె ఎదురొచ్చినప్పుడు బండి నిజంగానే ఆగింది. నాలాంటి వాదనకారులు ఆ మాట వినగానే నవ్వి కొట్టిపారేస్తారు. కొట్టిపారేస్తే ఆ తెగిన తీగ దొరికేది కాదు. నమ్మేవాళ్ళు అక్కడే ఆగిపోతారు. ఆగిపోతే ఒక మనిషి బేస్‌మెంట్‌లో ఉండిపోతుంది. రెండు సంగతులు కలిసి జరిగినప్పుడు వాటిని విడదీసి చూడాలి. ఆఫీసులో గజం తీగకు ఇచ్చిన న్యాయమైన విచారణ, రవి ఇంట్లో తన అత్తగారికి ఇవ్వలేదు. మనలో చాలామంది చదువు అంతే, జీతమొచ్చే చోటే పనిచేస్తుంది.

అచ్చిరాలేదనీ, అడుగు మంచిది కాదనీ మీ ఇంట్లో ఎవరిమీద మాట పడిందో మీకు తెలుసు. ఈ వారమే ఆ మాటకు పరీక్ష పెట్టండి. ఆ మనిషిని ఎదురుగా ఉంచి బయలుదేరండి, లేకుండా బయలుదేరండి, మళ్ళీ మళ్ళీ చేయండి, ఏం జరిగిందో ఇంటిల్లిపాదికీ వినబడేలా ఆ మనిషికే చెప్పండి. తేలేదాకా ఆ మనిషిని లోపలికి పొమ్మనే హక్కు మీకు లేదు.