నలభై రెండో పచ్చ గీత

కంప్యూటరు ముందు కూర్చుని శనక్కాయలు తినకూడదన్న ఇంగితం మా ఇంట్లో ఎవరికీ లేదు. కీబోర్డు బోర్లించి తడితే దోసెడు పొట్టు రాలుతుంది. ఇంట్లో ఉండేది అమ్మా నేనూ. అమ్మకు పళ్ళు లేవు కాబట్టి అనుమానం నా మీదికే వస్తుంది.

దయ్యాలను నేను నమ్మను. మా నాయన బత్తలపల్లె దగ్గర ఒక చిన్న చర్చికి బోధకుడు. ఆదివారం వాక్యం చెప్పి, మిగిలిన ఆరు రోజులూ కూలికి పోయేవాడు. దయ్యం పట్టిందని ఎవరినైనా తీసుకొస్తే ప్రార్థన చేసి, ముందు కడుపునిండా అన్నం పెట్టమని చెప్పి పంపేవాడు. అలాంటి ఇంట్లో పెరిగాక దయ్యాలను నమ్మడం కష్టం.

నాయన తన బైబిల్లో రంగు పెన్సిళ్ళతో గీతలు గీసుకునేవాడు. వాగ్దానాలకు ఎరుపు. తనకు అర్థంకాని వాటికి పసుపు. పసుపు చాలానే ఉండేది. వాన మాట వచ్చిన చోటల్లా పచ్చ. పచ్చ గీత పక్కన, ఆ వచనం పట్టుకుని ఏ ఊళ్ళో వాన కోసం ప్రార్థించిందీ, తర్వాత ఏమైందీ రాసేవాడు. "బత్తలపల్లె. పడలేదు." "గుమ్మఘట్ట. తుంపర." "బత్తలపల్లె. మళ్ళీ పడలేదు."

పడలేదని సొంత బైబిల్లో రాసిపెట్టుకున్న బోధకుణ్ణి నేను ఇంకొకరిని చూడలేదు. డిగ్రీ చదివిన నాకు అంత ధైర్యం లేదు.

రెండు వేల నాలుగులో నేను కంప్యూటరు కొన్నప్పుడు, ఇవన్నీ అందులో వరసగా పెట్టమని నాయన అడిగాడు. తన తర్వాత వచ్చే బోధకుడికి పనికొస్తాయని ఆయన ఆశ. రేపు చేస్తానన్నాను. ఆ రేపు రెండేళ్ళు నడిచింది. ఈలోగా నాయన పోయాడు. ట్రంకుపెట్టె తెరిస్తే బైబిలుకు చెదలు పట్టి ఉంది. రాజుల గ్రంథాల దగ్గర వేలెడు మందం మట్టి అయిపోయింది.

మిగిలినదైనా దక్కించుకుందామని కూర్చున్నాను. బైబిల్ సాఫ్ట్‌వేరులో వచనం తీయడం, రంగు వేయడం, పక్కన నోటు కొట్టడం. మూడు నెలలు పట్టింది. పచ్చవి నలభై ఒకటి తేలాయి. ఒక్కదాని పక్కన కూడా "పడింది" అని లేదు. అన్నిటికన్నా పెద్ద విజయం తుంపరే.

ఒక సోమవారం పొద్దున రంగును బట్టి జాబితా తీస్తే, పచ్చవి నలభై రెండు ఉన్నాయి. కొత్తది రాజుల మొదటి గ్రంథంలో, ఏలీయా ప్రవక్త వాన కోసం ఎదురుచూసిన అధ్యాయంలో. అంటే చెదలు తిన్న భాగం. పక్కన నోటు: "రూతమ్మ చేను. పడింది."

రాసిన సమయం ముందురోజు ఆదివారం పది గంటలని చూపిస్తోంది. ఆ వేళకు ఇంటికి తాళం వేసి, అమ్మా నేనూ చర్చిలో ఉన్నాం. చర్చిలో ఫ్యాను తిరగలేదు కాబట్టి ఊళ్ళో కరెంటు కూడా లేదు.

రూతమ్మవ్వ మా చర్చి సంఘంలో పెద్దామె. చదువు రాదు. మా సంఘంలో చదువురాని వాళ్ళు తమ బైబిళ్ళు తెచ్చి, నాయన చేత అవే రంగులు గీయించుకునేవారు. రంగు చూసి వాక్యం గుర్తుపట్టేవారు. ఆమె ఇంటికి వెళ్ళి, ఆమె బైబిల్లో ఆ అధ్యాయం తీశాను. అదే వచనం కింద పచ్చ గీత ఉంది. నోటు లేదు.

అడిగితే చెప్పింది. ఒక ఏడు ఆమె శనక్కాయ చేను ఎండిపోతుంటే నాయన ఒక్కడే వచ్చి గట్టు మీద మోకరించాడట. ఆ సాయంత్రమే వాన పడిందట. ఎవరికీ చెప్పొద్దని, చెబితే తనను గొప్పవాణ్ణి చేస్తారని నాయన బతిమాలాడట. ఆమె ఇన్నేళ్ళూ చెప్పలేదు.

పడని వానలన్నీ ఊరికి తెలియనిచ్చి, పడిన ఒక్క వాననూ దాచుకున్న మనిషి మా నాయన. ఆ మాట విన్నప్పుడు నా చొక్కా ఛాతీ దగ్గర కాస్త బిగుతైందని ఒప్పుకుంటాను.

ఆ నోటు ఎవరు కొట్టారో ఇప్పటికీ నాకు తెలియదు. మతిమరుపుతో నేనే కొట్టానంటే, నాకు తెలియని సంగతి ఎలా కొట్టాను? కంప్యూటరు బాగుచేసే అతను గడియారం తప్పై ఉంటుందన్నాడు. గడియారం సరిగ్గానే ఉంది.

రూతమ్మవ్వకు మాత్రం ఇందులో వింతేమీ కనపడలేదు. శనక్కాయలు ఒలుస్తూ నేను చెప్పిందంతా విని, తలెత్తకుండానే అంది:

"మీ నాయనే రాసుకునింటాడు లేప్పా. నీకు చెప్పీ చెప్పీ ఆయప్ప ఇసిగిపోయినాడు."